మోటుపల్లి రేవు భాషకు పేరు: నాలుగు వారాల పని

మొదటి వారం. 1323లో ఓరుగల్లు ఢిల్లీ సైన్యానికి లొంగకుండా నిలిచి, కాకతీయుల రేవుగా మోటుపల్లి మరో మూడు వందల ఏళ్లు వెలిగి ఉంటే, అక్కడ తెలుగు నావికులకూ, అరబ్బు వర్తకులకూ, మలయా ఓడల వారికీ నడుమ ఒక కలగలుపు భాష పుట్టి ఉండేదన్నది నేను ఒంగోలులో రాసుకుంటున్న నవలికకు పునాది. 2022 వరకు మా ప్రకాశం జిల్లాలోనే ఉండి, ఇప్పుడు బాపట్ల జిల్లాలో చేరిన మోటుపల్లిలో గణపతిదేవుడు 1244లో వేయించిన అభయ శాసనం ఉంది. గాలివానకు దెబ్బతిని ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును మునుపటి రాజులు లాగేసుకునేవారనీ, తాను మాత్రం ముప్పైకి ఒక వంతు సుంకం తప్ప మరేమీ తీసుకోననీ ఆ రాజు అందులో మాట ఇచ్చాడు. కర్పూరం, చందనం, ముత్యాలు, పట్టు, మిరియాలు అంటూ శాసనం చెప్పే సరుకులతోనే పదకోశం మొదలుపెట్టాను. అరవై మాటలు పోగయ్యాయి గాని, భాషకు పేరు మాత్రం కుదరలేదు.

రెండో వారం. అరవం, కన్నడం అన్నట్టుగా ‘ఓడ’ నుంచి ‘ఓడ్రం’ అని కట్టాను. అది ఒరియా దేశానికి ఎప్పటి నుంచో ఉన్న పేరు కాబట్టి ఆ రోజే కొట్టేశాను. సముద్రతీరం అనే అర్థమున్న ‘కరవాక’ నాకెంతో నచ్చింది. అయితే ప్రతి పేరునూ ‘లో’, ‘తో’, ‘ని’ చేర్చి వాక్యంలో పెట్టి, పైకి చదివి చూడాలన్నది నేను పెట్టుకున్న నియమం. “వాడు కరవాకలో మాట్లాడాడు” అని చదవగానే మా మేనత్త, “ఎవరితో మాట్లాడాడురా, అంత దూరం పోయి?” అని అడిగింది. ఆమెకు అది చోటుగానే వినిపించింది, భాషగా వినిపించలేదు. ‘రేవు’కూ అదే చిక్కు వచ్చింది గాని, ‘రేవుమాట’ అన్నప్పుడు తొలగిపోయింది.

మూడో వారం. ఇక్కడే పని అసలు దారిలో పడింది. భాషకు పేరు చాలాసార్లు పొరుగువారి నోట పుడుతుంది. తమిళాన్ని మనం అరవం అంటాం, తమిళులు మనల్ని వడుగులు అన్నారు, ఇంగ్లీషువారు పోర్చుగీసు మాటను అందుకుని తెలుగును జెంటూ అన్నారు. కాబట్టి ఏ పేరు బాగుందని వెతకడం మానేసి, ఎవరు పిలుస్తున్నారని అడగడం మొదలుపెట్టాను. మార్కో పోలో ఈ రాజ్యాన్ని ముత్ఫిలి అని రాశాడు. అరబ్బీలో పకారం లేదు గనుక, నా కథలోని అరబ్బు వర్తకుడి నోట ‘పల్లి’ ‘ఫిలి’ కావడం సహజంగానే ఉంటుంది. ఓరుగల్లు పండితులకు మాత్రం ఊరి పేరులోని మొదటి రెండు అక్షరాలే చాలు: వారు ఆ భాషను ‘మోటుపలుకు’ అంటారు. ఈ మాట తట్టిన రాత్రి నేను నిద్రపోలేదు. ఊరూ, ఈసడింపూ ఒకే మాటలో ఒదిగాయి, “మోటుపలుకులో ఉత్తరం రాశాడు” అన్న వాక్యం కూడా ఎక్కడా తడబడలేదు.

నాలుగో వారం. నోటుబుక్కులో మూడు వరుసలు గీసి, రేవు జనానికి రేవుమాట, వర్తకులకు ముత్ఫిలి, పండితులకు మోటుపలుకు అని పంచాను. కథ చెప్పే గొంతుకు మోటుపలుకునే ఇచ్చాను, ఎందుకంటే మూడో తరం నావికులు ఆ ఈసడింపునే తమ పేరుగా స్వీకరిస్తారు. త్వరగా మాట్లాడేటప్పుడు నడిమి ఉకారం జారి ‘మోట్పలుకు’ అవుతుంది కాబట్టి, ఆ రూపాన్ని సంభాషణలకే ఉంచి, కరణం రాసే సుంకపు లెక్కల్లో నిండు రూపం వాడుతున్నాను. మొదటి రెండు అధ్యాయాల్లో ‘కరవాక’ ఉన్న పదిహేడు చోట్లా ఈ వారమే దిద్దాను. సుంకరి ఓడవాణ్ణి “నీకు ఏ భాష వచ్చు?” అని అడిగే మూడో అధ్యాయాన్ని రేపటి నుంచి తిరగరాయాలి.