పక్కింటి పొగ

పక్కింట్లో కట్టెల హీటర్ వెలిగిస్తే చాలు, కిటికీలు మూసినా పొగ మా గదుల్లోకి వచ్చేస్తోంది. రాత్రంతా అమ్మ దగ్గుతుంటే నాకు ఒకటే టెన్షన్. దీనికి రూల్సే లేవా అని వెతికాను.

ఉన్నాయి. ఇక్కడ అమెరికాలో పర్యావరణ పరిరక్షణ సంస్థ ఈపీఏ 1988లోనే కొత్త హీటర్ల పొగకు పరిమితి పెట్టింది, 2015లో కఠినం చేసింది. 2020 మే నుంచి అమ్మే కొత్త హీటర్ గంటకు 2 గ్రాములకు మించి సూక్ష్మ ధూళి వదలకూడదు (పరీక్షకని ఒకే కొలతలో కోసిన చెక్కలకు బదులు మామూలు కట్టెలతో పరీక్షిస్తే 2.5). ఊపిరితిత్తుల లోతుకు చేరేది ఆ ధూళే. కానీ ఇళ్లలో ముందే ఉన్న పాత హీటర్ల జోలికి ఈ రూల్ వెళ్లదు. ఇనుప హీటరేమో దశాబ్దాలు పనిచేస్తుంది!

ఇంగ్లండ్ పద్ధతి నాకు నచ్చింది. అక్కడ 2021 మే నుంచి చిన్న మోపులుగా అమ్మే కట్టెల్లో తేమ 20 శాతం దాటకూడదు. పచ్చి కట్టెలే ఎక్కువ పొగ చిమ్ముతాయి కాబట్టి, పాత హీటరున్న ఇంటికీ ఇది పనిచేస్తుంది.

చలికాలంలో నిప్పు ఆర్పమని ఎవరినీ అడగలేం. పాతది మార్చుకోవడానికి ప్రభుత్వమే డబ్బు సాయం చేయాలి, ముఖ్యంగా పేద ఇళ్లకు. పక్కింటాయనతో మాట్లాడాను. ఇకనుంచి బాగా ఎండిన కట్టెలే వాడతానన్నారు.