రెయిన్‌డీర్ల తూకం రాసిన నెల

తిరుపతిలో ఏప్రిల్ అంటే పొద్దున పదింటికే రోడ్డు మీద మనిషి కనపడని నెల. పోయిన ఏడాది ఆ నెలంతా నేను మైనస్ 15 డిగ్రీల చలిలో రెయిన్‌డీర్ల బరువులు రాసుకుంటూ గడిపాను. నార్వేకి ఉత్తరాన సముద్రం మధ్యలో ఉండే స్వాల్‌బార్డ్ దీవుల్లో. "జింకల్ని తూయడానికి అంత దూరం యాడికి పోతావు పాపా, మన జూలో లేవా?" అని మా అమ్మ అడిగింది. ఆ ప్రశ్నకు ఇప్పటికీ ఆమె ఒప్పుకునే జవాబు నా దగ్గర లేదు.

చదివింది ఎమ్మెస్సీ జువాలజీ. శేషాచలం అడవుల్లో రెండేళ్లు పక్షుల లెక్కలకు తిరిగాను. ఆ అనుభవం చూపించి ఈ తూకం పనికి వాలంటీరుగా అప్లై చేశాను. వీడియో ఇంటర్వ్యూలో జంతువుల గురించి పెద్దగా అడగలేదు. బరువు మోస్తావా, విసుక్కోకుండా ఒకే పని రోజంతా చేస్తావా, చివర్లో "చేతిరాత ఎలా ఉంటుంది?" అన్నారు. నవ్వొచ్చింది. ఎందుకు అడిగారో ఏప్రిల్ చివర్లో అర్థమైంది.

వీసా దగ్గర ఒక మెలిక ఉంది, వెళ్లాలనుకునేవాళ్లు ఇది గుర్తు పెట్టుకోండి. స్వాల్‌బార్డ్‌కు వీసా అక్కర్లేదు. కానీ దారి నార్వే మీదుగా. ఓస్లోలో దిగితే షెంగెన్ (ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల గుంపు) లోపలికి వచ్చినట్టు, అక్కణ్ణుంచి స్వాల్‌బార్డ్ వెళ్తే బయటికి పోయినట్టు, తిరుగు ప్రయాణంలో మళ్లీ లోపలికి. నేను సింగిల్ ఎంట్రీ అని టిక్ పెట్టుకుని చెన్నై వెళ్లాను. కౌంటర్‌లో ఉన్న అమ్మాయి ఫారం చూసి "వెనక్కి ఎలా వస్తారండీ?" అంది. అక్కడే కొట్టేసి డబుల్ అని మార్చాను. ఆ అమ్మాయి అడక్కపోయుంటే తిరిగొచ్చేటప్పుడు నా గతేంటో.

ఒళ్లు గట్టిపడటానికి వారానికి మూడు రోజులు శ్రీవారి మెట్టు ఎక్కేదాన్ని. 2388 మెట్లు, వీపున బ్యాగులో పది కిలోల బియ్యం. ఒకరోజు ఒక పెద్దామె "బ్యాగులో ఏముందమ్మా?" అనడిగింది. బియ్యం అన్నాను. ఏదో మొక్కు అనుకున్నట్టుంది, బ్యాగుకే దండం పెట్టి ముందుకు పోయింది.

అమ్మ ఆరు కొత్త నూలు బనియన్లు కొనిచ్చింది. ఒక్కటీ పనికి రాలేదు. నూలు చెమటను పీల్చి అట్టే పెట్టుకుంటుంది, ఆ తడే మనిషిని చల్లబరుస్తుంది. అక్కడ ఒంటిని అంటుకుని ఉండేది ఉన్ని. చలికంటే చెమటకే ఎక్కువ భయపడాలని మొదటి రోజే చెప్పారు.

లాంగ్‌యియర్‌బ్యెన్ ఊళ్లో దిగగానే నాకు ఇల్లు గుర్తొచ్చింది, ఎందుకంటే గుమ్మం దగ్గర అందరూ బూట్లు విప్పుతున్నారు. హోటల్లో, మ్యూజియంలో కూడా. బొగ్గు గనుల కాలంలో మసి లోపలికి రాకుండా పెట్టుకున్న అలవాటట. ఊరు దాటితే మాత్రం ధ్రువపు ఎలుగుబంటి భయం. 2023లో అలిపిరి నడకదారిలో చిరుత భయానికి భక్తులకు కర్రలు ఇచ్చారు కదా, ఇక్కడ తుపాకీ. అది అనుమతి ఉన్నవాళ్ల చేతిలోనే ఉండేది. నాకు ఇచ్చింది నిప్పురవ్వలు ఎగజిమ్మి బెదరగొట్టే ఫ్లేర్ పిస్టల్. నెలంతా ఎలుగు కనపడలేదు. ఒక పొద్దున క్యాబిన్ వెనక అడుగులు చూశాం. ఒక్కో అడుగు మా అమ్మ రొట్టెలు కాల్చే పెనమంత.

మంచు మీద తిరిగే బండిని అక్కడ స్కూటర్ అంటారు. ఆ మాట విని "నాకు పదేళ్ల నుంచి యాక్టివా నడపడం వచ్చు" అన్నాను. యాక్టివాలో మణికట్టు తిప్పాలి, దీనికి బొటనవేలితో మీట నొక్కాలి. కంగారు పుట్టినప్పుడల్లా నా చెయ్యి మణికట్టునే తిప్పేది, బండి కదిలేది కాదు. మూడో రోజుకు నన్ను వెనక సీట్లో కూర్చోబెట్టి, చేతికి అట్ట, పెన్సిలు ఇచ్చారు. పెన్నులో ఇంకు గడ్డకడుతుంది.

మొదటి పదకొండు రోజుల్లో మేం బయటికి పోయింది నాలుగు రోజులే. మిగతావన్నీ గాలి. అరుగంత క్యాబిన్, ఐదుగురం, మంచు కరిగించుకుంటేనే నీళ్లు. గిన్నె నిండా మంచు వేస్తే అడుగున గ్లాసుడు నీళ్లు వస్తాయి. నేను తీసుకెళ్లిన మామిడికాయ ఊరగాయలో చెనిక్కాయల నూనె నెయ్యిలా పేరుకుంది, స్పూన్‌తో గీకి అన్నంలో వేసుకునేదాన్ని.

గాలి ఆగిన రోజు పని ఇలా ఉంటుంది. రెండు స్కూటర్లు పక్కపక్కన పోతాయి, వెనక కూర్చున్నవాళ్లు మధ్యలో వల పట్టుకుంటారు. పరిగెత్తే రెయిన్‌డీర్‌ను వెనక నుంచి వలలోకి తీసుకుంటారు. నలుగురూ దూకి కాళ్లు పట్టి, కళ్లకు గంత కడతారు. గంత కట్టగానే తన్నులాట తగ్గుతుంది. ఒకసారి మెడ పట్టుకునే వంతు నాకు వచ్చింది. పొట్టి కాళ్లు, గుండ్రటి మూతి, మన లేగదూడ కంటే కాస్త పెద్దది. గ్లవ్ తీసి బొచ్చులోకి వేళ్లు పెడితే అడుగున వెచ్చగా ఉంది, కొద్దిగా అదురుతోంది. దాని ఊపిరి నా ముఖాన ఆవిరై కనురెప్పల మీదే గడ్డకట్టింది. తర్వాత పట్టాలో చుట్టి, కర్రకు తగిలించిన తూకానికి వేలాడదీసి ఇద్దరు భుజాల మీద లేపుతారు. మా ఊళ్లో చింతపండు బస్తా తూచినట్టే. ఆడదైతే స్కానింగ్ చేసి కడుపుతో ఉందో లేదో చూస్తారు. చెవికి నంబరు, మెడకు పట్టీ. అన్నీ నిమిషాల మీద అయిపోవాలి.

ఇంతా ఎందుకంటే, చలికాలంలో అక్కడ ఇప్పుడు వాన పడుతోంది. మంచు మీద పడిన వాన గడ్డకట్టి మేతను కప్పేస్తుంది. ఒకచోట నేను పారతో తవ్వి చూశాను. పైన మంచు, కింద గాజుపలక లాంటి ఐస్, దానికింద పచ్చటి నాచు కంటికి కనపడుతోంది, గిట్టకు అందదు. 1994లో పుట్టిన ఆడవి పెద్దయ్యాక సగటున 55 కిలోలు తూగితే, 2010లో పుట్టినవి 48 కిలోలే తూగాయట. కడుపులో పిల్ల నిలవడం తల్లి బరువును బట్టే ఉంటుంది. అందుకే ఆ తూకం.

ఆ తూకం దగ్గరే నేను తప్పు చేశాను. ఒక సాయంత్రం వెంటవెంటనే రెండు ఆడవి దొరికాయి. చదివినవాళ్ల అంకెను నేను గట్టిగా తిరిగి చెప్పి రాయాలి, అది రూలు. గాలికి వినపడక, వేళ్లు మొద్దుబారి, తిరిగి చెప్పలేదు. రెండు బరువులూ మార్జిన్‌లో గిలికి తర్వాత సర్దుకోవచ్చులే అనుకున్నాను. రాత్రి లాప్‌టాప్‌లో ఎక్కించేటప్పుడు చూస్తే 51.5, 46. ఏది ఏ నంబరుదో తెలియదు. "మొదటిదే బరువు, నాకు దాదాపు గుర్తుంది" అన్నాను. మా టీమ్ పెద్దాయన అరవలేదు. "దాదాపు అంటే ఎలా రాస్తాం?" అని రెండు గళ్లూ ఖాళీగా వదిలేశాడు. అరిచినా బాగుండేది.

ఏప్రిల్ 20 తర్వాత సూర్యుడు అస్తమించడం మానేశాడు. కళ్లకు తుండుగుడ్డ కట్టుకుంటే తప్ప నిద్ర లేదు. సామాన్లకని ఊళ్లోకి వచ్చిన రాత్రి ఒంటిగంటన్నరకు అమ్మకు వీడియో కాల్ చేశాను. తిరుపతిలో ఐదు, ఇంకా చీకటి. నా వెనక కిటికీ నిండా ఎండ. "పడుకోలేదా?" అని నన్ను అడుగుతూ తను ట్యూబ్‌లైట్ వేసుకుంది.

ఆగస్టులో మెయిల్ వచ్చింది. ఆ రెండూ కనపడ్డాయట. ఏప్రిల్‌లో రెండూ కడుపుతోనే ఉన్నాయి. ఇప్పుడు ఒకదాని వెంట పిల్ల ఉంది, ఇంకోటి ఒంటరిగా మేస్తోంది. అమ్మకు చెప్తే "పిల్లతో ఉండేదే బరువుండుంటుందిలే పాపా" అంది. నాకూ అలాగే అనిపిస్తోంది. షీటు తెరిచి చూశాను, ఆ రెండు గళ్లూ అలాగే ఖాళీగా ఉన్నాయి.