పేపర్-4లో నన్ను ముంచిందీ, ఒడ్డున పడేసిందీ ఆరోగ్య రంగమే

ఫ్రెండ్స్, గ్రూప్-1 ఫైనల్ లిస్టులో నా నంబర్ వచ్చింది. ఎంపీడీవో పోస్టు. పీడీఎఫ్‌లో నంబర్ చూసుకున్నాక అరగంట సేపు ఎవరికీ ఫోన్ చేయలేకపోయాను. నాన్నకి చెప్పి, ఆయన ఏడ్చాక గానీ నాకు నమ్మకం కుదరలేదు.

ప్రిలిమ్స్ గురించి కొత్తగా చెప్పేదేమీ లేదు, మీరు చదివేవే నేనూ చదివాను. ఏపీపీఎస్సీ మెయిన్స్‌లో పేపర్-4, అంటే ఎకనామిక్స్ పేపర్ గురించే చెప్తాను. పోయినసారి నేను పోయింది అక్కడే.

అప్పట్లో టెస్ట్ సిరీస్‌లో ప్రభుత్వ, ప్రైవేటు వైద్యం మీద నేను రాసిన జవాబు ఇప్పటికీ నా దగ్గర ఉంది. 1946 భోర్ కమిటీ, 2007 ఆరోగ్యశ్రీ, జీడీపీలో 2.5 శాతం ఖర్చు చేయాలన్న 2017 జాతీయ ఆరోగ్య విధానం, 2018 ఆయుష్మాన్ భారత్... ఏదీ వదల్లేదు. చివర్లో "ప్రభుత్వం నిధులు పెంచాలి" అని రాశాను. మెయిన్స్ పోయాక ఒక సీనియర్ అక్కకి చూపిస్తే, చదివి, "ఇందులో ఎకనామిక్స్ ఎక్కడుందమ్మా?" అన్నారు. చాలా బాధేసింది. రెండు నెలలు పుస్తకం ముట్టలేదు.

ఆ రెండు నెలల్లోనే మా పిన్నికి ఒంట్లో బాగోలేదు. వయసు 36. నెలసరిలో రక్తం బాగా పోతోందని బాబాయి ఒక ప్రైవేటు నర్సింగ్ హోమ్‌కి తీసుకెళ్లారు. స్కాన్ తీసి, గర్భసంచి తీసేయాలి, ఆలస్యమైతే క్యాన్సర్ అవుతుందన్నారు. బాబాయి అప్పు కోసం తిరగడం మొదలుపెట్టారు. నేను బలవంతం చేసి జిల్లా కేంద్రంలో ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్లాను. ఓపీ చీటీ నుంచి డాక్టరమ్మని చూసేదాకా నాలుగు గంటలు నిలబడ్డాం. ఆవిడ రక్తపరీక్ష రాశారు. థైరాయిడ్, రక్తం తక్కువ. మాత్రలతో తగ్గింది.

రోగికీ డాక్టరుకీ తెలిసినదాంట్లో ఇంత తేడా ఉన్నప్పుడు వైద్యం మామూలు సరుకులా మార్కెట్లో నడవదని అమెరికా ఆర్థికవేత్త కెన్నెత్ ఆరో 1963లోనే రాశారు. నేనది బట్టీపట్టి ఎన్నిసార్లు రాశానో. అర్థమైంది మాత్రం ఆ ఓపీ లైన్లో. ఇంటికొచ్చి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తీశాను. 2015-16లో 15-49 ఏళ్ల మహిళల్లో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశంలో 3.2 శాతమైతే మన ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం! ఒక్క మా పిన్ని కథ కాదిది.

అప్పటి నుంచి ఈ టాపిక్‌ని ఒకే ప్రశ్నతో చదివాను: డాక్టరుకి డబ్బు దేనికి వస్తోంది? ప్రైవేటులో చేసిన ప్రతి పనికీ వస్తుంది, కాబట్టి పనులు పెరుగుతాయి. ఆరోగ్యశ్రీలో ఆపరేషన్‌కి ఇంతని ప్యాకేజీ, కాబట్టి ఆపరేషన్ వైపు మొగ్గు ఉంటుంది. ప్రభుత్వాసుపత్రిలో జీతం. పదిమందిని చూసినా వందమందిని చూసినా ఒకటే, అక్కడ అనవసరపు కోత వైపు మొగ్గు తక్కువ, కానీ క్యూ తరగదు. బ్రిటన్‌లో కుటుంబ డాక్టరుకి ప్రధానంగా తన దగ్గర నమోదైన మనుషుల లెక్కన డబ్బులొస్తాయి. ఈ నాలుగూ పక్కపక్కన పెడితే సగం జవాబు తయారైనట్టే.

అంకెలు మూడు చాలు. 2017-18 జాతీయ నమూనా సర్వేలో, కాన్పులు కాకుండా, ఒకసారి ఆసుపత్రిలో చేరితే సగటు ఖర్చు ప్రభుత్వంలో రూ.4,452, ప్రైవేటులో రూ.31,845. మొత్తం ఆరోగ్య ఖర్చులో జనం జేబులోంచి పెట్టేది 2013-14లో 64.2 శాతం, 2021-22కి 39.4 శాతం. ప్రభుత్వ ఖర్చు 2021-22లో జీడీపీలో 1.84 శాతం. ఇవి జవాబులో ఎక్కడ పడాలో తెలియకపోతే రాయకండి.

నాకు ఇంటర్వ్యూలో కలిసొచ్చిందని కొందరు అంటున్నారట. అది నిజం కాదు. ఈసారి పేపర్-4లోనే నేను ముందుకొచ్చాను. తొమ్మిది నెలలు పొద్దున నాలుగున్నరకి లేచి రోజుకో జవాబు చేత్తో రాశాను, పిన్ని కూతురి పెళ్లిచూపుల రోజు కూడా. ఫోన్ పక్కన పెట్టలేనివాళ్లు నోట్సు అడగకండి, దయచేసి. గట్టిగా అంటున్నానని అనుకోవద్దు, నేనూ ఒక ఏడాది అలాగే పోగొట్టుకున్నాను.

ఇంటర్వ్యూలో "అయితే ఆరోగ్యశ్రీ వద్దంటారా?" అని అడిగారు. వద్దననని చెప్పాను. మా ఊళ్లో ఒకాయనకి దాని మీదే గుండె ఆపరేషన్ అయింది, లేకపోతే ఎకరం పొలం పోయేది. కానీ ఆయనకి అంతకుముందు పదేళ్లు బీపీ ఉందని ఎవరూ చూడలేదు. పీహెచ్‌సీలో, అంటే ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో, నెలనెలా మాత్రలు అంది ఉంటే ఆ ఆపరేషన్ అవసరం పడకపోయేదేమో. ప్యాకేజీ డబ్బు జబ్బు ముదిరాకే కదులుతుంది, అందుకని ముందు రూపాయి పీహెచ్‌సీకి పెడతానన్నాను.

పేపర్-4 నోట్సు చేతిరాతే, స్కాన్ చేస్తున్నాను. ఆరోగ్య రంగం మూడు పేజీలు ముందుగా పెడతాను.