కెరమెరి ఘాట్ చెప్పిన సంగతి: హిమాలయన్ 450తో ఒక చుట్టు

దూరప్రయాణానికి ఏ బండి పనికొస్తుందో షోరూం టెస్ట్ రైడ్‌లో తేలదు. హన్మకొండ చౌరస్తా నుంచి కాజీపేట దాకా వెళ్లొస్తే ఇంజిన్ చప్పుడు తెలుస్తుంది, బ్రేకులు తెలుస్తాయి, అంతే. నాలుగు గంటలు కూర్చున్నాక నడుము ఏమంటుందో, సామాను కట్టుకుని గుంతలో దిగితే హ్యాండిల్ ఎటు లాగుతుందో, చిన్న ఊళ్లో పంక్చరైతే పని ఎట్లా జరుగుతుందో తెలియాలంటే పొద్దున్నుంచి సాయంత్రం దాకా నడపాల్సిందే. అందుకే కొనే ముందు ఒక స్నేహితుణ్ణి అడిగి అతని రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ 450 తీసుకున్నాను. మా బావ తన పాత హిమాలయన్ 411 మీద తోడొచ్చాడు. కరీంనగర్, జగిత్యాల, నిర్మల్ మీదుగా పైకి వెళ్లి, గుడిహత్నూర్ దగ్గర హైవే దిగి, ఇంద్రవెల్లి, ఉట్నూర్, జైనూర్, కెరమెరి, ఆసిఫాబాద్, మంచిర్యాల మీదుగా తిరిగి రావాలని అనుకున్నాం. హైవే, ఘాట్, పల్లె రోడ్డు, బొగ్గు లారీలు అన్నీ ఒకే చుట్టులో వచ్చే దారి మన వైపు ఇంతకంటే ఇంకోటి నాకు తోచలేదు.

బయల్దేరేటప్పుడే మొదటి పరీక్ష ఎదురైంది. ఈ బండి బరువు 196 కిలోలు, సీటు ఎత్తు 825 మిల్లీమీటర్లు. కావాలంటే సీటును 845కి పెంచుకోవచ్చు. నా ఎత్తు ఐదడుగుల ఆరంగుళాలు. రెండు పాదాలూ పూర్తిగా ఆనవు, మునివేళ్లే ఆనతాయి. రోడ్డెక్కాక ఆ బరువు మాయమవుతుంది. కానీ పెట్రోల్ బంకులో, ఏటవాలుగా ఉన్న హోటల్ ముందు, వెనక సంచులు కట్టి ఉన్న బండిని కాళ్లతో నెట్టుకుంటూ తిప్పాలంటే ముందే ఆలోచించుకోవాలి. ఎక్కడ ఆపినా మూతి రోడ్డు వైపు పెట్టి ఆపడం మొదటి రోజే అలవాటు చేసుకున్నాను. నా ఎత్తు వాళ్లకు ఇదే నా సలహా.

కరీంనగర్ రోడ్డు మీద నాలుగు లేన్ల పనులు జరుగుతున్నాయి. డైవర్షన్ల దగ్గర కంకర, దుమ్ము, అంచులు తెగిన తారు. ముందు చక్రం 21 అంగుళాలది కాబట్టి అలాంటి అంచుల మీద తడబడకుండా ఎక్కి దిగుతుంది. సస్పెన్షన్ ముందూ వెనకా 200 మిల్లీమీటర్లు ఆడుతుంది. మొదట్లో గుంత కనపడగానే బ్రేక్ వేసేవాణ్ణి. హుజూరాబాద్ దాటేసరికి ఆ భయం పోయింది. కాళ్లు పెట్టుకునే పెగ్గుల మీద కాస్త లేచి నిలబడితే మిగతాది బండే చూసుకుంటుంది. ఊళ్లలో స్పీడ్ బ్రేకర్లు ఎన్ని ఉన్నాయో మనందరికీ తెలుసు. నడుము అలసేది అక్కడే, నిర్మల్ చేరేసరికి నాకు ఆ అలసట లేదు.

నిర్మల్ దాటాక 44వ నంబరు జాతీయ రహదారి. ఇక్కడే అంకెల సంగతి చెప్పాలి. 452 సీసీ ఇంజిన్, లిక్విడ్ కూలింగ్, 40 హార్స్‌పవర్, 40 న్యూటన్ మీటర్ల టార్క్ (అంటే లాగే బలం), ఆరు గేర్లు. బావ 411కు 24 హార్స్‌పవర్, ఐదు గేర్లు. కాగితం మీద చాలా తేడా. కానీ రోడ్డు మీద ఆ తేడా నేను అనుకున్న చోట కనపడలేదు. 90 మీద పోతున్నప్పుడు రెండు బండ్లూ పక్కపక్కనే, ఎవరికీ ఇబ్బంది లేదు. తేడా అంతా లారీని దాటేటప్పుడే. బావ ముందే లెక్క వేసుకుని, ఎదురుగా ఖాళీ చూసుకుని దాటాలి. నేను ఒక గేరు దించి ఆక్సిలరేటర్ తిప్పితే చాలు, పని అయిపోతుంది. దూరప్రయాణంలో ఎక్కువ పవర్ వల్ల లాభం వేగం కాదు, టెన్షన్ తగ్గడం. అందుకే ఈ చుట్టంతా 100 దాటాలని నాకు అనిపించలేదు.

కుంటాల దగ్గర కాసేపు ఆగాం. మెట్లు దిగి, కడెం వాగు దూకే చోటు చూసి, మళ్లీ ఎక్కితే పట్టేసిన కాళ్లు సర్దుకున్నాయి.

గుడిహత్నూర్ నుంచి రోడ్డు సన్నబడుతుంది. రెండు వైపులా పత్తి చేన్లు, మధ్యలో పత్తి బస్తాల ట్రాక్టర్లు. ఇంద్రవెల్లి స్తూపం దగ్గర దిగాం. 1981 ఏప్రిల్ 20న భూమి కోసం కూడిన గోండు రైతుల మీద పోలీసు కాల్పులు జరిగిన చోటు. అక్కడ హెల్మెట్ తీసి నిలబడకుండా ముందుకు పోవాలని ఇద్దరికీ అనిపించలేదు. రాత్రికి ఉట్నూర్‌లో ఉన్నాం. ఆదిలాబాద్ చలి అంటే ఏమిటో తెల్లవారుజామున తెలిసింది. స్వెటర్ మీద జాకెట్ వేసినా వేళ్లు కొంకర్లు పోయాయి. గుడ్డ గ్లవ్స్ తప్ప ఇంకేం లేనివాళ్లు డిసెంబర్‌లో అటు వెళ్లకండి.

జైనూర్‌కు కొంచెం ముందు వెనుక చక్రం మెత్తబడింది. ఒక మేకు దిగబడి ఉంది. స్నేహితుడి బండి మొదట్లో వచ్చిన రకం, ట్యూబు టైర్లది. ఈ మోడల్ 2023 నవంబర్‌లో అట్లాగే మార్కెట్‌లోకి వచ్చింది, ట్యూబ్‌లెస్ స్పోక్ చక్రాలు తర్వాత వచ్చాయి. నెమ్మదిగా జైనూర్ దాకా తెచ్చి, పంక్చర్ షాపు ముందు ఆపాను. షాపు అబ్బాయి యాక్సిల్ నట్టు చూసి, "గిది బుల్లెట్ లెక్క లేదన్నా, నట్టు పెద్దగున్నది" అని పక్కనున్న ట్రాక్టర్ షెడ్డు నుంచి పెద్ద పానా తెచ్చాడు. బండి కింద కట్టె మొద్దు పెట్టి ఎత్తాం. చక్రం దించడం ఒక పని అయితే, రిమ్ము అంచుకు అతుక్కున్న టైరును విడదీయడం ఇంకో పని. రెండు లీవర్లు పెట్టి, ఒకదాని మీద కాలేసి నొక్కాడు. ట్యూబును నీళ్ల తొట్టిలో ముంచి చుట్టూ తిప్పుతుంటే ఒకచోట సన్నగా బుడగలు లేచాయి. ఆకురాయితో రుద్ది, సొల్యూషన్ రాసి, ప్యాచ్ అంటించాడు. టైరు లోపల చేత్తో తడిమి మేకు మొన ఇంకేమైనా మిగిలిందా అని రెండుసార్లు చూశాడు. ఆ జాగ్రత్త నాకు చాలా నచ్చింది. చక్రం బిగించేటప్పుడు చైన్ బిగుతు సర్దే చోట రెండు పక్కలా గీతలు ఒకే చోట ఉన్నాయో లేవో నేను కూర్చుని చూశాను, అది సరిగ్గా లేకపోతే టైరు వంకరగా తిరుగుతుంది. అంతా అయ్యేసరికి గంట దాటింది.

"ట్యూబ్‌లెస్ అయితే బయటి నుంచే రబ్బరు స్ట్రిప్పు కొడుతుంటి, పది నిమిషాల పని" అన్నాడు అబ్బాయి. ముందు చక్రానికే పంక్చరై ట్యూబు చిరిగిపోయి ఉంటే? 21 అంగుళాల ట్యూబు అక్కడ లేదు. ఇలాంటి బండి మీద అటు వెళ్లేవాళ్లు ట్యూబు చక్రాలైతే ముందు చక్రం ట్యూబు ఒకటి సంచిలో పెట్టుకోవాలి.

కెరమెరి ఘాట్ దగ్గర బండ్లు మార్చుకున్నాం. మెలికల్లో నెమ్మదిగా ఎక్కేటప్పుడు 411 సుఖం. దాని 32 న్యూటన్ మీటర్ల టార్క్ కింది స్పీడులోనే దొరుకుతుంది, మూడో గేరులో వదిలేసినా గుడుగుడుమంటూ ఎక్కేస్తుంది. 450కి టార్క్ మొత్తం వచ్చేది ఇంజిన్ నిమిషానికి 5,500 చుట్లు (ఆర్‌పీఎం) తిరిగే దగ్గర. కాబట్టి మెలిక ముందు రెండో గేరు వేసుకోవాలి. వేసుకుంటే మెలిక దాటి బయటపడే తీరే వేరు. గేర్లు మార్చడం ఇష్టమున్నవాళ్లకు పండగ, ఒకే గేరులో పోవాలనుకునే వాళ్లకు ఇది సరిపడదు. పైన ఆగాక బావ హెల్మెట్ తీసి, "బామ్మర్దీ, హైవే మీద నీది, ఊళ్లల్ల నాది" అన్నాడు. నేను కాదనలేదు.

ఆసిఫాబాద్ నుంచి మంచిర్యాల, గోదావరి దాటి గోదావరిఖని. ఈ బెల్టులో బొగ్గు లారీల వెనక పోవడమంటే కళ్లల్లో నలుసులు, నోట్లో మసి. వైజర్ దించుకోవాల్సిందే. అక్కడి నుంచి రాజీవ్ రహదారి మీద కరీంనగర్ దాకా చీకట్లోనే వచ్చాం. హెడ్‌లైట్ సరిపోయింది. ట్యాంకు 17 లీటర్లు, నాకు లీటరుకు 30 కిలోమీటర్లకు కాస్త తక్కువ వచ్చింది. అంటే నింపితే 450 కిలోమీటర్ల పైచిలుకు. ఉట్నూర్, జైనూర్ వైపు బంకు కోసం వెతుక్కునే అవసరం పడలేదు.

హైదరాబాద్‌కు వెళ్లి రావడమే పని అయితే ఇంత ఎత్తు, ఇంత బరువు మోయనక్కర్లేదు, మామూలు 350 బండి హాయిగా చాలు. ఆదిలాబాద్ అడవుల వైపు, గోదావరి దాటి ఛత్తీస్‌గఢ్ వైపు తిరగాలనుకునే నాలాంటి వాళ్లకు ఇది సరైన బండి. నేను తీసుకుంటాను, ట్యూబ్‌లెస్ చక్రాలున్నదే, సీటు 825 దగ్గరే ఉంచి. అయితే ఈ చుట్టంతా నా వెనక ఉన్నది సంచులే. ఏటూరునాగారం దాకా ఒకసారి మా ఆవిణ్ణి వెనక కూర్చోబెట్టుకుని వెళ్లాలి. సీటు బాగుందని తను అన్న తర్వాతే అడ్వాన్స్ కడతాను.