ఆదివారం గోలీ

నా పళ్లు చూసి నా చేతుల జబ్బు చెప్పేసిన డాక్టరు మీద కోపం ఇప్పటికీ పోలేదు. ముందు ఆ సంగతే చెప్తాను.

మాది నల్లగొండ జిల్లా గట్టుప్పల్ దగ్గర ఒక ఊరు. నేతపని ఇల్లు. పెళ్లయిన నాటి నుంచి ఆసు పోసేదాన్ని, అంటే చీర నూలును చేత్తో అటూ ఇటూ తిప్పి మేకులకు చుట్టేదాన్ని. చిటికి కట్టేదాన్ని, అంటే రంగు వేసే ముందు డిజైన్ కోసం నూలుకు ముడులు కట్టేదాన్ని. 2014 చలికాలంలో పొద్దున లేచేసరికి వేళ్లు బిగుసుకుపోయి ఉండటం మొదలైంది. చెంబు పట్టుకోలేను, జాకెట్ హుక్కు పెట్టుకోలేను. ఎండెక్కితే గానీ వదులయ్యేవి కావు. రెండు చేతులకూ ఒకే తీరుగా కణుపులు ఉబ్బి, ముట్టుకుంటే వేడిగా ఉండేవి. "ఆసు పోసీ పోసీ గిట్లయింది" అన్నాడు మా ఆయన. ఆయన్ని అనడానికి లేదు. ఒక్క చీరకు ఆసు పోయాలంటే చెయ్యి వేలసార్లు అటూ ఇటూ తిరగాలి. చింతకింది మల్లేశం తన తల్లి అవస్థ చూడలేకనే కదా లక్ష్మీ ఆసు యంత్రం చేసింది. మేమూ అప్పుచేసి ఆ యంత్రం తెచ్చుకున్నాం. ఆసు పోసే పని తప్పింది. నొప్పి తప్పలేదు.

అప్పుడు టౌన్లో ఒక ప్రైవేటు డాక్టరుకు చూపించుకున్నాను. చేతులు ముందుకు చాపి కూర్చున్నా. ఆయన నా నోరు చూశాడు. నా పళ్ల మీద చిన్నప్పటి నుంచీ గోధుమరంగు చారలున్నాయి. "నీళ్లలోని ఫ్లోరైడ్ జబ్బు ఇది. మీ దిక్కు అందరికీ ఉండేదే గదమ్మా, దీనికి హైరానా ఎందుకు?" అని నవ్వాడు. నా వేళ్లు ముట్టుకోలేదు. నొప్పి గోలీలు రాసి బెల్లు కొట్టాడు, ఇంకొకరు లోపలికి వచ్చారు.

నేనూ నమ్మాను. నమ్మకుండా ఎట్లుంటాను? మర్రిగూడ దిక్కు ఆ నీళ్లతో నడుములు వంగిపోయిన మనుషుల్ని చూస్తూ పెరిగిన దాన్ని. మా ఇంట్లోనే అత్తమ్మ మెడ తిప్పలేదు. ఊరందరికీ నొప్పులున్నప్పుడు నా నొప్పిని వేరేగా ఎవరు చూస్తారు? అట్లా రెండేళ్లు పోయాయి. మధ్యలో ఆర్‌ఎంపీ సూది ఇస్తే నాలుగు రోజులు హాయిగా ఉండేది. అది స్టెరాయిడ్ అని, ముఖం ఉబ్బింది అందుకేనని తర్వాత తెలిసింది.

2016లో నర్సింగ్ చదువుతున్న మా చెల్లె బిడ్డ దసరాకు వచ్చి నా చెయ్యి పట్టుకుని చూసింది. "పెద్దమ్మా, నీళ్ల జబ్బయితే మెడ, నడుము బిగుసుకుంటయి. నీకు వేళ్ల కణుపులు వాస్తున్నయి గదా, ఇది వేరే" అంది. ఆ పిల్లే నన్ను హైదరాబాద్‌ పంజాగుట్టలోని నిమ్స్ ఆసుపత్రికి తీసుకుపోయింది. లైన్లు, రక్తపరీక్షలు అన్నీ అయ్యాక తేలింది రుమటాయిడ్ ఆర్థరైటిస్ అని. ఒంట్లో రోగాలతో కొట్లాడాల్సిన బలమే తప్పుదారి పట్టి సొంత కీళ్ల మీద పడుతుందట. పళ్ల చారలు పళ్లు తయారయ్యే వయసులో తాగిన నీళ్లవి, వేళ్లది వేరే జబ్బు, రెండూ ఒకే మనిషికి ఉండొచ్చు అని డాక్టరమ్మ చెప్పింది. రెండు నిమిషాలు పట్టి ఉంటుంది ఆ మాట చెప్పడానికి.

మందు మెథోట్రెక్సేట్. వారానికి ఒక్కసారే. ఆదివారం వేసుకోమన్నారు. మిగతా రోజుల్లో ఫోలిక్ యాసిడ్. రెండూ చిన్నవే, రెండూ పసుపు గోలీలే.

మొదట తెచ్చుకున్నవి అయిపోయాక మా ఆయన వేరే మెడికల్ షాపులో కొనుక్కొచ్చాడు. అక్కడి పిల్లగాడు కవర్ల మీద తారుమారుగా రాశాడు. నాకు చదువు అంతంతే. మా ఆయన కవరు చూసి రోజూ రాత్రి నీళ్లతో సహా తెచ్చిచ్చేవాడు, పాపం. తొమ్మిది రోజులు వేసుకున్నాను.

పెద్ద నోట్లు రద్దయిన వారం అది. నోరంతా పుండ్లు, ఉమ్మి మింగితే ప్రాణం పోతున్నట్టుంది. రాత్రికి జ్వరం కాలిపోయింది. చిగుళ్ల నుంచి రక్తం కారి దిండు తడిసింది. ఆటోలో ఒక ప్రైవేటు ఆసుపత్రికి పోతే కౌంటర్ దగ్గర "పాత నోట్లు చెల్లవు, వందలుంటే కట్టండి" అన్నారు. మా ఆయన చేతిలో చీరలు అమ్మిన ఐదువందల నోట్ల కట్ట. అది చేతిలో పెట్టుకుని ఆ మనిషి ఏడ్చాడు. పెళ్లయ్యాక ఆయన ఏడవడం చూసింది అదే మొదలు. నేను ఆ రాత్రే పోతాననుకున్నా. పిల్లల మీదికి కాదు మనసు పోయింది, మగ్గం మీద సగంలో ఉన్న చీర మీదికి పోయింది. ఎందుకో ఇప్పటికీ తెలియదు.

సర్కారు దవాఖానాలో డ్యూటీలో ఉన్న డాక్టరు మా అబ్బాయి కంటే నాలుగైదేళ్లు పెద్దవాడేమో. అతను నా చీటీ చూశాడు, కవర్లు చూశాడు. "అమ్మా, ఇది ఎప్పుడెప్పుడు వేసుకుంటున్నరు?" అన్నాడు. "రోజూ" అన్నా. తల పట్టుకున్నాడు. తెల్లకణాలు, ప్లేట్‌లెట్లు పడిపోయాయి. అతనే ఫోన్లు చేసి, అంబులెన్సు మాట్లాడి హైదరాబాద్‌కు పంపాడు. అక్కడ ఫోలినిక్ యాసిడ్ విరుగుడుగా ఇచ్చారు. పదకొండు రోజులున్నాను. జుట్టు సగం రాలింది. అతని పేరు అడగలేదు. అడగాలన్న తెలివి అప్పుడు లేదు.

తిరిగొచ్చాక ఆ కవరు పట్టుకుని షాపుకు పోయాను. తిడదామనే పోయాను. కౌంటర్లో ఉన్నది ఇంటర్ చదివే పిల్లగాడు, రాత్రిపూట పనికొస్తాడట. ఓనరు లేడు. కవరు చూపిస్తే ముఖం తెల్లబోయింది. ఏమీ అనకుండా వచ్చేశాను. ఓనరు మీద మాత్రం ఇప్పటికీ ఉంది కోపం.

కొన్ని నెలల తర్వాత అదే మందు మళ్లీ మొదలుపెట్టారు. గోలీ చేతిలోకి తీసుకుంటే వణుకొచ్చేది. ఇప్పుడు క్యాలెండర్లో ఆదివారాలకు ఎర్రపెన్నుతో గీత పెట్టుకుంటా. రెండు మూడు నెలలకోసారి రక్తపరీక్ష. ఎల్బీనగర్లో మెట్రో ఎక్కితే పంజాగుట్టలో దిగడమే, పోను రాను అంత కష్టం లేదు. ఈ మందు వాడేవాళ్లు ఎవరున్నా చీటీ మీద వారం పేరు రాయించుకోండి, గోలీ పేరు మీరే చదువుకోండి. చదువు రాకపోతే పిల్లలతో రెండుసార్లు చదివించుకోండి. సిగ్గుపడకండి.

అత్తమ్మ చెరువుగట్టు రామలింగేశ్వరుడి గుడికి మొక్కింది నా కోసం. అమావాస్య రాత్రి గుట్ట మీద నిద్ర చేసి వచ్చాం. గుట్ట పైనున్న మూడు గుండ్లు, అంటే పెద్ద బండలు, ఎక్కలేదు, కింది నుంచే దండం పెట్టాను. రామలింగేశ్వరుడే ఆ రాత్రి ఆ డాక్టరు పిల్లవాణ్ణి డ్యూటీలో ఉంచాడని అత్తమ్మ అంటుంది. నేను కాదనలేదు.

కుడిచేతి రెండు వేళ్లు వంకర పోయాయి, అవి ఇక రావు. చిటికి కట్టలేను. లెక్కలు చూసుకుంటా, రంగులు చెప్తా. పొద్దున గోరువెచ్చని నీళ్లలో చేతులు పెట్టుకుని, ఆ తర్వాత అత్తమ్మ తల దువ్వుతా. ఆమెది నిజంగానే నీళ్ల జబ్బు. కృష్ణా నీళ్లు మా ఇంటి నల్లాకు వచ్చేసరికి ఆమె మెడ బిగుసుకుపోయే ఉంది. నాకు గోలీ ఉంది, ఆమెకు లేదు. ఎవరైనా పిలిస్తే ఒళ్లంతా తిప్పి చూస్తుంది. వారం చివర సాయంత్రం అట్లే మంచం మీద ఒళ్లంతా నా దిక్కు తిప్పి అడుగుతుంది:

"ఇయ్యాల ఆదివారమేనా బిడ్డా? మంచిగ చూసుకున్నవా?"