ఒపల్ పొరలో పగుళ్లు పుట్టేది ఎండేటప్పుడే

ఒకే సైజు సూక్ష్మ గోళాలను వరసగా పేర్చి, ఒపల్ రాయిలా రంగులీనేలా చేసేదే ఒపల్ పొర. 220 నానోమీటర్ల పాలిస్టైరీన్ అనే ప్లాస్టిక్ గోళాలు గాజు మీద వరసగా పేరుకుంటే పొర ఆకుపచ్చగా మెరుస్తుంది. 270 నానోమీటర్లయితే ఎరుపు. కంటికి ముచ్చటగా ఉన్న ఆ పొరే మైక్రోస్కోపు కింద ఎండిన చెరువులా బీటలు వారి కనిపిస్తుంది. చాలామంది తప్పంతా పేర్పులో ఉందనుకుని గోళాలు మారుస్తారు. పేర్పు బాగానే ఉంటుంది. తడి ఆరేకొద్దీ గోళాలు కాస్త చిక్కిపోయి దగ్గరకు లాక్కుంటాయి, కింద గాజు మాత్రం కదలదు. ఆ లాగుడుకే పొర చిట్లుతుంది.

అందుకే ఎండాక అతుకు వేసే కన్నా, పేరుకుంటున్నప్పుడే సందులు నింపడం మేలు. హార్వర్డ్‌లో జోవానా ఐజెన్‌బర్గ్ బృందం 2010లో చూపిన పద్ధతి ఇదే. 0.1 మోలార్ హైడ్రోక్లోరిక్ ఆమ్లం, ఇథనాల్, సిలికాగా మారే ద్రవమైన టీఈఓఎస్‌లను బరువులో 1:1:1.5 పాళ్లలో కలిపి గంటసేపు తిప్పాలి. సుమారు 0.125 శాతం పీఎంఎంఏ అనే పాలిమర్ (ప్లాస్టిక్) గోళాలున్న 20 మిల్లీలీటర్ల నీళ్లలో ఆ ద్రావణం 0.15 మిల్లీలీటర్లు చాలు. శుభ్రమైన గాజు పలకను అందులో నిలువుగా వేలాడదీసి, 65 డిగ్రీల ఓవెన్‌లో ఒకటి రెండు రోజులు కదపకుండా ఉంచాలి. నీరు దిగుతున్నకొద్దీ గోళాల మధ్య సిలికా జెల్ కట్టి వాటిని పట్టి ఉంచుతుంది.

ఇక్కడ ఆ 0.15 దగ్గరే జాగ్రత్త. తగ్గితే పగుళ్లు మళ్లీ వస్తాయి. పెరిగితే పొర పైన సిలికా పెంకు కడుతుంది, ఇంకా పెరిగితే వరసే చెదురుతుంది.

గోళాల సైజులో తేడా 5 శాతం లోపు లేకపోతే ఏ ద్రావణమూ కాపాడదు. పొర అడ్డచారలుగా వస్తే నీటి అంచు గాజు మీద ఆగి ఆగి జారుతోందన్నమాట: ముందు గాజును బాగా కడగండి, తర్వాత ఓవెన్ ఫ్యాను అదురును చూడండి. పాలిమర్‌కు బదులు సిలికా గోళాలు వాడేవాళ్లకు ఇంకో చిక్కు ఉంది. 300 నానోమీటర్ల సిలికా నీటిలో రోజుకు సుమారు 4 మిల్లీమీటర్లు కిందికి దిగిపోతుంది, కాబట్టి పొర అంతటా ఒకే మందంగా రాదు. అదే సైజు పాలిస్టైరీన్ దిగేది 0.2 మిల్లీమీటర్లే.

చివరగా 500 డిగ్రీలకు నాలుగు గంటల్లో మెల్లగా తీసుకెళ్లి, రెండు గంటలు ఉంచితే పాలిమర్ గోళాలు కాలిపోయి, వాటి చోట రంధ్రాలున్న సిలికా చట్రం మిగులుతుంది. దాని మీద ఒక ఇథనాల్ చుక్క వేసి చూడండి. రంధ్రాలు తెరుచుకుని ఉంటే చుక్క పడిన చోట రంగు వెంటనే వెలవెలబోతుంది. పైన పెంకు కట్టి ఉంటే ద్రవం అంత సులువుగా లోపలికి దిగదు.