పన్నెండు తప్పెట్లు

ఆదివారం, పర్లాకిమిడి

పొద్దున్నే మహేంద్రతనయ ఒడ్డు దాకా నడిచొచ్చి కంప్యూటర్ ముందు కూర్చున్నాను. ఇవాళైనా తప్పెటగుళ్ళ దరువు ఒక కొలిక్కి రావాలి. తప్పెటగుళ్ళంటే రొమ్ముకి తప్పెట కట్టుకుని, వాయిస్తూ గుంపుగా ఆడే మా వైపు జానపద నృత్యం. సంక్రాంతికి పాతపట్నం దగ్గర మావయ్య వాళ్ళ ఊళ్ళో ఫోన్‌లో రికార్డు చేసిన ఒకే ఒక్క తప్పెట దెబ్బ నా దగ్గరుంది. దాంతోనే పన్నెండు మంది ఆడుతున్నట్టు వినిపించాలి.

వాడేది సీసౌండ్, ప్రోగ్రాము రాసి శబ్దాలు పుట్టించే సాఫ్ట్‌వేర్. 1986లో ఎంఐటీలో బ్యారీ వెర్కో తయారుచేసింది, ఉచితంగానే దొరుకుతుంది. వాయిద్యం ఎలా మోగాలో ఒకచోట రాస్తాం, ఎప్పుడు మోగాలో ఇంకోచోట. ఆ రెండోదే స్కోరు. దెబ్బకో వరుస: ఏ వాయిద్యం, ఎన్నో సెకనులో మొదలు, ఎంతసేపు, ఎంత గట్టిగా. ఆవృతానికి, అంటే దరువు ఒక చుట్టు తిరగడానికి, 8 దెబ్బలు, 24 ఆవృతాలు, అంటే ఒక్క మనిషికే 192 వరుసలు. పోయిన వారం అవి చేత్తో టైపు చేయడానికి రెండు సాయంత్రాలు పట్టింది. పన్నెండు మందికి 2,304.

అందుకే ఇవాళ ఆ పని పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషకి అప్పజెప్పాను. స్కోరు ట్యాగులో బిన్ అని పెట్టి పైథాన్ పేరు రాస్తే చాలు, సీసౌండ్ మన ప్రోగ్రామును పైథాన్‌తో నడిపించి, అది రాసిచ్చిన ఫైలునే స్కోరుగా చదువుకుంటుంది. వరుసలు కాలక్రమంలో ఉండక్కర్లేదు, అదే పేర్చుకుంటుంది. కాబట్టి ఒకడి దరువంతా రాసేసి తర్వాతివాడి దగ్గరికి వెళ్లొచ్చు. ఇరవై లైన్లలో అయిపోయింది. ఎంత సంతోషమేసిందో!

మోగించాను. వంటింట్లోంచి అమ్మ, "ఏట్రా, ఒక్కడే కొడతన్నాడు? ఆ బరబర ఏటి?" అంది.

అమ్మ చెప్పింది నిజం. పన్నెండు మందీ సరిగ్గా ఒకే క్షణంలో, ఒకే దెబ్బ కొడుతున్నారు. అలా కలిస్తే గుంపు వినపడదు, ఒకటే పెద్ద దెబ్బ వినపడుతుంది. ఒక్కో దెబ్బ గట్టితనం 0.3 పెట్టాను, పన్నెండూ కలిస్తే 3.6. నా ఫైల్లో పరిమితేమో 1, అది దాటితే శబ్దం చెడిపోతుంది. బరబర అందుకే. 0.08కి తగ్గించాక అది పోయింది.

తర్వాత ప్రతి దెబ్బనీ ఇష్టమొచ్చినట్టు అటూ ఇటూ జరిపాను. ఈసారి ఒకరినొకరు వినని మనుషుల్లా ఉంది, మరీ ఘోరం. మధ్యాహ్నం కరెంటు పోయింది. మావయ్యకి ఫోన్ చేశాను. "ఒకడెప్పుడూ ముందుంటాడు, ఒకడెప్పుడూ ఎనకుంటాడు. ఆడి కాలు అంతే. అందరూ గురువు కేసే చూస్తారు" అన్నాడు.

నేను మరిచిపోయింది ఇదే. ఆలస్యం దెబ్బది కాదు, మనిషిది. కరెంటు రాగానే ఒక్కొక్కరికీ ఒక అలవాటు ఇచ్చాను: మూడోవాడు 20 మిల్లీసెకన్లు వెనక, ఏడోవాడు 12 ముందు, గురువు సున్నా. దాని మీద దెబ్బదెబ్బకీ మూడు నాలుగు మిల్లీసెకన్ల తేడా. ఒక్కో తప్పెటకి శ్రుతి కూడా కొంచెం మార్చాను. ఆ తేడాలు ఎంచే ర్యాండమ్ లెక్క ఎక్కడ మొదలవ్వాలో చెప్పే అంకె (సీడ్) ఎప్పుడూ ఒకటే ఉండేలా పెట్టాను, రేపు నడిపినా ఇవే తేడాలు రావాలి కదా.

సాయంత్రం వింటుంటే ఒళ్ళు జలదరించింది. చిన్నప్పుడు మావయ్య భుజాల మీంచి విన్న మేళం అది. అమ్మ గుమ్మం దగ్గరికొచ్చి, అయిపోయేదాకా నిలబడి వింది.

ఇంకా కాలి గజ్జెలు మిగిలాయి. గజ్జె అడుగుతో పాటు మోగి ఆగిపోదు, కాసేపు గలగలమంటూనే ఉంటుంది. దానికి వేరే వాయిద్యం రాయాలి, వ్యవధి ఎక్కువ పెట్టాలి. రేపు ఆఫీసు నుంచి వచ్చాక.